కొంగ టీచర్ ఈత జట్టు

"మునిగిపోయేవాళ్ళు అరవరట కదండీ? చప్పుడు లేకుండానే పోతారట?"

నేనెవరో చెప్పలేదు, పాప పేరు చెప్పలేదు. పూల్ గేటు దాటి లోపలికి అడుగుపెడుతూనే గట్టు మీద నిలబడ్డ కోచ్, ఆ పెద్దావిడతో నేనన్న మొదటి మాట అది.

ఆవిడ నీళ్ళ మీంచి చూపు తిప్పలేదు. "నిజమే. అందుకే నేను చెవుల్ని నమ్ముకోను, చూస్తూ ఉంటాను," అన్నారు. మళ్ళీ ఆవిడే, "భయం పాపకా, మీకా?" అని అడిగారు.

"పాపకి భయమంటే ఏమిటో తెలీదండీ. అదే నా భయం."

"అయితే ముందు మీరు దిగాలి."

వేళాకోళమనుకున్నాను. పక్కన చెక్క బెంచీ మీద కూర్చున్న ఒక బొద్దు మనిషి మాత్రం నావైపు జాలిగా చూసి, "తువ్వాలు తెచ్చుకున్నారా సార్?" అన్నాడు.

ఇదంతా మా ఆవిడ వల్ల వచ్చింది. సెలవుల్లో మా గోళీని ఈత నేర్చుకోవడానికి పంపాం. కళ్ళు గుండ్రంగా ఉంటాయని దానికి పుట్టినప్పటినుంచీ ఆ పేరే ఖాయమైపోయింది. సెలవులు అయ్యేసరికి దాన్ని నీళ్ళలోంచి లాగడమే పెద్ద పనైంది. పోటీలకు వెళ్ళే పిల్లల జట్టు ఒకటుంది, అందులో చేర్చమని అక్కడివాళ్ళు చెప్పారు. మా ఆవిడ వెంటనే సరేనంది. నేను చదవడం మొదలుపెట్టాను. రసాయనశాస్త్రం చదువుకుని మందుల ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి, ఏదైనా చదివితే గాని నమ్మను. క్లోరిన్ గురించి చదివాను. ఎదిగే పిల్లల భుజాల గురించి, చెవిపోటు గురించి, పోటీల ఒత్తిడి గురించి, చివరికి నీళ్ళలో మునగడం గురించి కూడా చదివాను. చదివినకొద్దీ నిద్ర తగ్గింది. "చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు," అంది మా ఆవిడ. "నువ్వే తీసుకెళ్ళి, నువ్వే అడిగిరా. నన్ను చంపకు."

అలా వెళ్ళినవాణ్ణి, అరగంట తిరక్కుండానే నడుము లోతు నీళ్ళలో చలికి వణుకుతూ నిలబడ్డాను.

ఆ జట్టులో అది ఆచారం. కొత్త పిల్ల చేరాలంటే ఆ ఇంట్లోంచి ఒక పెద్దమనిషి ముందు నీళ్ళలోకి దిగాలి, ముఖం ముంచాలి, వెల్లకిలా తేలాలి. నేర్పేది కోచ్ కాదు, జట్టులో పిల్లలు. నాకు దొరికిన గురువు పళ్ళకి తీగ కట్టుకున్న ఒక అమ్మాయి, మా గోళీ కంటే కాస్త పెద్దది. అరచెయ్యి నా తల కింద పెట్టి, "అంకుల్, మెడ వదలండి. తల నాకిచ్చెయ్యండి," అంది.

"ఇచ్చేశానమ్మా."

"ఇవ్వలేదు. ఇంకా మీ దగ్గరే ఉంది."

"ఇచ్చెయ్యండి సార్!" అని బెంచీ మీంచి బొద్దు మనిషి కేకేశాడు. "ఇంట్లో ఎలాగూ దాన్ని వాడనివ్వరు కదా!"

ఆయన స్కూటర్ల మెకానిక్. పళ్ళతీగ పిల్ల తండ్రి. నవ్వొచ్చి మెడ వదులైంది, చెవులు నీళ్ళలో మునిగాయి. అంతే, లోకం ఆగిపోయింది. మెకానిక్ పెదాలు కదులుతున్నాయి, పిల్లలు ఎగురుతున్నారు, ఒక్క మాట వినిపించడం లేదు. ఎక్కడో మోటారు సన్నగా రొద పెడుతోంది. నా గుండె నాకే తలుపు కొట్టినట్టు వినిపిస్తోంది. తేలుతున్నానని నాకు చాలాసేపటికి గాని తెలియలేదు.

పైకి లేచి నీళ్ళు దులుపుకుంటుంటే ఆవిడ అడిగారు: "మేం మిమ్మల్ని పిలిచాం. విన్నారా?"

"లేదండీ."

"పిల్లలకీ అంతే. రేపు పోటీలో గట్టు మీద నిలబడి 'చేతులు బాగా ఆడించు, తొందరగా' అని గొంతు చించుకుంటారు చూడండి, అదంతా మీ ఆరోగ్యం కోసమే. పిల్లకి ఒక్క ముక్క అందదు."

ఆవిణ్ణి జట్టంతా కొంగ టీచర్ అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడ పలుకుతారు. ఎడమ మోకాలు వంగదు. అందుకని బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమకాలిని బొటనవేలితో నేలకు ఆనించీ ఆనించనట్టు పెట్టి, గట్టు మీద కదలకుండా నిలబడతారు. తెల్లటి పొట్టి జుట్టు, పొడవాటి మెడ. ఎవరు మొదట అన్నారో గాని సరిగ్గా అన్నారు. "మాది కొంగ జపమే నాయనా," అని ఆవిడే నవ్వుతారు. "కాకపోతే చేపల్ని పట్టుకోవడానికి కాదు, వదలడానికి."

పగలు ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తారు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టే పని. ఎత్తు స్టూలు మీద కూర్చుని చేసేది కాబట్టి మోకాలితో పేచీ ఉండదు. పొద్దున దుకాణం తెరవకముందు పూల్, సాయంత్రం మూసేశాక పూల్. ఒకసారి నా కళ్ళజోడు బిగించుకోవడానికి వెళితే, ఆ వేళ్ళు చిన్న మరమేకును తిప్పుతున్న తీరు చూశాను. కంగారు లేదు, బలం పెట్టడం లేదు. పిల్లల భుజాన్ని నీళ్ళలో కాస్త తిప్పి "ఇలా" అని చూపించేటప్పుడూ అదే చెయ్యి.

ఆవిడ కథ నాకు ముక్కలు ముక్కలుగా దొరికింది, సగం మెకానిక్ చెప్పింది, సగం ఆవిడ చెప్పింది. చిన్నప్పుడే మెట్ల మీంచి పడి మోకాలు విరిగింది. కట్టు సరిగా కట్టలేదు, అలాగే అతుక్కుపోయింది. బళ్ళో ఆటల పీరియడంటే ఆవిడకి పిల్లలందరి చెప్పులకీ కాపలా. "ఎవరి చెప్పు ఎటువైపు అరిగిందో నాకు తెలిసేది," అంటారు. "వాళ్ళెలా పరిగెడతారో చెప్పుని చూసి చెప్పేదాన్ని. అప్పుడు ఏడుపొచ్చేది గాని, చూడ్డం అక్కడే నేర్చుకున్నా."

పెళ్ళయింది, ఒక కొడుకు పుట్టాడు. వాడికి ఆయాసం. డాక్టరు ఈత మంచిదన్నారు. ఇదే పూల్‌కి తీసుకొచ్చారు, అదిగో ఆ బెంచీ మీదే కూర్చున్నారు. నాలాగే వణికారట. కొడుకు తల నీళ్ళలోకి వెళ్ళినప్పుడల్లా ఈవిడ ఊపిరి బిగబట్టడం చూసి అప్పటి కోచ్, కోపిష్ఠి ముసలాయన, "అమ్మా, వాడికి రావలసిన ఆయాసం నువ్వు పడుతున్నావు. ఇక్కడ ఊపిరాడక పడిపోయేలా ఉన్నావు. నీళ్ళలో అయితే పట్టుకోగలను, దిగు!" అని అరిచాడట.

"దిగానయ్యా," అన్నారు ఆవిడ నాతో. "ముప్ఫై దాటిన ఆడదాన్ని, చంటిపిల్లల మధ్య. కాలు జారింది, అయిపోయాననుకున్నా. పైకొచ్చాక చూసుకుంటే, ఆ కాలు లేదు."

"లేకపోవడమేమిటండీ?"

"బరువు లేదు నాయనా. పుట్టి బుద్ధెరిగాక ఆ కాలు నాతో ఉందన్న సంగతి మర్చిపోవడం అదే మొదటిసారి. ఆ రోజు నన్ను బయటికి రప్పించడానికి మావాడు ఏడవాల్సి వచ్చింది."

కొడుకు కొన్నేళ్ళు బాగానే ఈదాడు, పతకాలూ తెచ్చాడు. మీసం మొలిచే వయసులో ఒకరోజు "ఇంక చాలమ్మా" అన్నాడు. సరే అన్నారట. ఇప్పుడు పెద్ద వంటశాలలో వంటవాడు. "వాడు మానేశాడు, నేను మిగిలాను," అని నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు. అన్నేళ్ళ కష్టం నీళ్ళపాలు కాలేదా అని అడిగాను.

"ఆయాసం పోయింది, పొద్దున్నే లేవడం వచ్చింది, ఓడిపోయాక అన్నం తినడం వచ్చింది. నీళ్ళపాలు ఎక్కడైంది? ఇక్కడికొచ్చే పిల్లల్లో చాలామంది ఏదో ఒకరోజు మానేస్తారు. అది ముందే తెలుసుకుని చేర్పించండి. లేకపోతే పిల్ల మానేసిన రోజు మీ గుండె ఆగుతుంది."

ముసలి కోచ్ ఇంటిపట్టున ఉండిపోయాక జట్టు ఆవిడ చేతికి రావాలి. దానికి ముందు మునిగేవాళ్ళని కాపాడే కాపలా పరీక్ష ఒకటుంది, అది పెట్టేవాళ్ళు మోకాలు చూసి వద్దన్నారట. పూల్ అడుగున మనిషంత బరువున్న బొమ్మ పడేసి, పైకి తెస్తే అప్పుడు చూద్దామన్నారు. "వీళ్ళు ఇటు తిరిగి ఏదో మాట్లాడుకుంటున్నారు సార్," అని మెకానిక్ చేతులు తిప్పుతూ చెబుతాడు, "అటు తిరిగేసరికి బొమ్మ గట్టు మీదుంది. ఈవిడ పక్కన కూర్చుని దానికి జుట్టు సవరిస్తున్నారు!" జుట్టు సంగతి మెకానిక్ చేర్చిందని నా అనుమానం. మిగతాది నిజమేనని తర్వాత నమ్మాను, ఎందుకంటే ఆవిడ ఈదడం నా కళ్ళతో చూశాను.

ఒక పొద్దున గోళీ తొందరపెట్టడంతో ముందుగానే వెళ్ళాం. పిల్లలెవరూ రాలేదు. పైన అద్దాల్లోంచి వెలుతురు అప్పుడప్పుడే దిగుతోంది. ఆవిడ కడ్డీ పట్టుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ, ఒక్కో మెట్టూ దిగుతున్నారు. చెయ్యందిద్దామా అనిపించేంత నెమ్మదిగా. నీళ్ళు నడుము దాటాయి, భుజాలు దాటాయి. తర్వాత ఆవిడ నాకు తెలిసిన మనిషి కారు.

నీళ్ళలో వేగం రెట్టింపు చేస్తే ఎదురు తోపుడు దాదాపు నాలుగింతలవుతుంది. నేను చదువుకున్న లెక్క అది, తప్పు కాదు. కాని ఆ పొద్దున ఆవిడకీ నీళ్ళకీ మధ్య తోపుడే ఉన్నట్టు లేదు. చెయ్యి లోపలికి వెళితే తుంపర లేదు. నున్నటి నీటి మీద సన్నటి గీత ఒకటి తనంతట తాను ముందుకు పాకుతున్నట్టుంది. గోడ దగ్గర లోపలే మడతపడి తిరిగినప్పుడు ఆ వంగని కాలు కూడా ఎలా వచ్చిందో నాకు అంతుపట్టలేదు. ఎప్పుడూ వాగే మా గోళీ నా వేలు గట్టిగా పట్టుకుని గుసగుసగా, "నాన్నా, టీచర్ కుంటడం లేదు," అంది. ఇద్దరం బూట్లు కూడా విప్పకుండా అలాగే నిలబడిపోయాం. ఆవిడ పైకొచ్చి, మళ్ళీ కడ్డీ పట్టుకుని, మళ్ళీ ఒక్కో మెట్టూ ఎక్కి, "ఏం, పనేం లేదా మీకు?" అన్నారు.

జట్టులో చేరాక మా ఇంటి కాలం మారింది. కోడి కంటే ముందు మేమే లేస్తున్నాం. తడి తువ్వాళ్ళు కుర్చీల మీద, తలుపుల మీద, ఒకసారి నా కంప్యూటర్ మీద. గోళీ జుట్టు కొబ్బరిపీచులా తయారైంది. ఆకలి మాత్రం బకాసురుడి ఆకలి. మొదట నెమ్మదిగా ఈదుతుందని నేను బెంగపడ్డాను, దాని ఈడు పిల్లతో పోల్చాను. టీచర్ ఒక్కసారే అన్నారు: "ఆ పిల్ల ఎముకలు ముందు సాగాయి, మీ పిల్లవి తర్వాత సాగుతాయి. ఎముకలతో పందెం కాయకండి." ఏ పోటీలో ఏ ఈత ఈదాలో ఆవిడే చెబుతారు, దానిలో మనం వేలు పెట్టకూడదు. భుజం నొప్పి అంటే మాత్రం ఆ క్షణమే చెప్పాలి, దాచకూడదు. ఇంకొకటి, పోటీ రోజంటే పొద్దుగూకేదాకా కూర్చోవడమే. మన పిల్ల ఈదేది నాలుగు గుక్కల నీళ్ళు తాగినంతసేపు. మిగతా రోజంతా బెంచీ మీద రొట్టె, అరటిపండు, ఎదురుచూపు.

తల్లిదండ్రులెవరూ ఊరికే కూర్చోవడానికి వీల్లేదు. నాకు స్టాప్‌వాచ్ ఇచ్చి ఒక లేన్ చివర నిలబెట్టారు. సొంత పిల్ల లేన్ ఎవరికీ ఇవ్వరు, చేతిలో గడియారమున్నవాడు నోరు తెరవకూడదు. నన్ను అక్కడ ఎందుకు నిలబెట్టారో నాకు అర్థమైంది.

గోళీ మొదటి పోటీ. గట్టు పక్కనున్న చివరి లేన్ దానిది. ఈల మోగింది, పిల్లలు దిమ్మల మీంచి దూకారు. నా లేన్‌లో పిల్లవాడు గోడ తాకాడు, నేను మీట నొక్కాను. అప్పుడు గాని తలెత్తలేదు. అందరూ వచ్చేశారు. మా గోళీ రాలేదు.

పూల్ నడిమధ్యలో, లేన్ల మధ్య కట్టిన తాడు పట్టుకుని ఉంది. గాగుల్స్ కళ్ళ మీద లేవు, దూకుడుకి జారి గడ్డం కింద వేలాడుతున్నాయి. ముఖం ఎర్రగా ఉంది. దగ్గుతోంది.

నా కాళ్ళు నా మాట వినలేదు. గట్టు వెంబడి పరిగెత్తి, మోకాళ్ళ మీద పడి, చెయ్యి చాపాను. ఎవరైనా ముట్టుకుంటే ఆ ఈత చెల్లదని నాకు తెలుసు. చెల్లకపోతే పోనీ అనుకున్నాను. వెనకనుంచి చొక్కా పట్టుకుని ఎవరో ఆపారు.

కొంగ టీచర్. అప్పటికే అక్కడున్నారు. పిల్లలు దూకిన చోటు నుంచి మధ్యకి, ఆ కాలితో, ఎప్పుడొచ్చారో! దూకినప్పుడే గాగుల్స్ జారడం చూశారన్నమాట. ఒక చేతిలో నా చొక్కా, రెండో చేతిలో నీళ్ళలోవాళ్ళకి అందించే పొడవాటి కర్ర. కొన గోళీకి జానెడు దూరంలో ఉంది. ముట్టుకోవడం లేదు.

"మునుగుతోందా?" అన్నారు.

"దగ్గుతోందండీ!"

"మునుగుతోందా?"

"...లేదు."

"ఏం చేస్తోందో చూడు నాయనా. భయపడకు, చూడు."

చూశాను. అంతవరకూ నేను చూసింది నా భయాన్నే. తాడు చంకలో ఇరికించుకుని, రెండో చేత్తో గాగుల్స్ తలమీంచి తీసేసింది. దగ్గు ఆపుకుంది. గుండ్రటి కళ్ళు నెమ్మదిగా తిరిగాయి, ముందు మావైపు, తర్వాత ఎదుటి గోడవైపు.

"ఆలోచిస్తోంది," అన్నారు టీచర్ మెల్లగా. "ఆలోచిస్తున్న పిల్లని మధ్యలో లాక్కోకూడదు."

అని, ఆవిడ నేల మీదికి ఒంగారు. వంగని కాలు పక్కకి చాచి, పళ్ళు బిగపట్టి, తడి నేల మీద కూలబడ్డారు, దాని కళ్ళకి తన కళ్ళు ఎదురుగా వచ్చేదాకా. "ఎటు తల్లీ?" అని మాత్రం అడిగారు.

గోళీ గడ్డంతో గోడవైపు చూపించింది. గాగుల్స్ మావైపు విసిరేసి, తాడు వదిలేసింది.

మొదట కుక్కపిల్లలా తల ఎత్తి ఈదింది. రెండు మూడు బారలయ్యాక ముఖం నీళ్ళలో పెట్టేసింది, కళ్ళకి ఏ అడ్డూ లేకుండా. ఆ హాలులో ఎవరూ కూర్చుని లేరు. మా జట్టు పిల్లలు, వేరే జట్ల పిల్లలు, వాళ్ళ తల్లులు, తండ్రులు, అందరూ గోడ వైపు నడిచి నిలబడ్డారు. అరిచినవాళ్ళు లేరు. కర్ర పట్టుకున్న ఇంకో కాపలా మనిషి దాని పక్కనే గట్టు వెంబడి నడిచాడు. చిన్న చేతుల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది, ఒకటి తర్వాత ఒకటి. నా జీవితంలో నేను చాలా పెద్ద యంత్రాలు చూశాను, సూక్ష్మదర్శినిలో చాలా వింతలు చూశాను. తొమ్మిదేళ్ళ పిల్ల ఒకత్తి తన నిర్ణయం మీద తాను ముందుకు వెళ్ళడమంత పెద్దది ఏదీ చూడలేదు.

వేళ్ళు గోడని తాకాయి. అప్పుడు కప్పు ఎగిరిపోతుందేమోనన్నట్టు అందరూ అరిచారు. మెకానిక్ ఏడుస్తూ, "క్లోరిన్ ఎక్కువ కలిపారు సార్ వెధవలు," అన్నాడు.

నేను టీచర్‌ని లేపి నిలబెట్టాను. నోటినిండా గోళీతో అనాల్సిన మాటలు. గాగుల్స్ పట్టీ బిగించలేదేం, బాగానే ఉన్నావా, శభాష్, ఈసారి పట్టీ మీద ఇంకో టోపీ పెట్టుకో, భయమేసిందా, నీళ్ళు మింగావా. పరుగు తీయబోతే ఆవిడ మళ్ళీ ఆపారు.

"ఏమంటావు దానితో?"

చెప్పాను. అన్నీ చెప్పాను.

"అవన్నీ మింగెయ్. ఒక్కటీ అనకు. శభాష్ కూడా వద్దు."

"మరి?"

"తువ్వాలు కప్పు. పక్కన కూర్చో. మొదటి మాట దాన్ని మాట్లాడనీ, ఎంతసేపైనా సరే. నువ్వు ముందు నోరు తెరిస్తే, ఆ నీళ్ళలో జరిగింది నీదైపోతుంది. అది దానిది."

తువ్వాలు కప్పాను. పక్కన కూర్చున్నాను. గోళీ అరటిపండు తింది. ఇంకొకటి తింది. ఇంకో రెండు పోటీలు అయిపోయాయి. నోరు కుట్టేసుకుని కూర్చోవడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. చివరికి అది నా మోచేతికి తల ఆనించి, "నాన్నా, గాగుల్స్ లేకపోతే అడుగున వెలుతురు వలలా కదులుతుంది తెలుసా? పెద్ద వల. నేను దానిమీంచి వెళ్ళాను," అంది.

నేను అడగాలనుకున్న ఒక్క ప్రశ్నకీ అది జవాబు కాదు.

ఇప్పటికి చాలా పోటీలయ్యాయి. గెలిచిన రోజులున్నాయి, చివర వచ్చిన రోజులున్నాయి. నీళ్ళలోంచి అది వచ్చేసరికి తువ్వాలుతో నిలబడతాను, కప్పుతాను, పక్కన కూర్చుంటాను. కొన్నిసార్లు మొదటి మాట "ఆకలి" అవుతుంది. కొన్నిసార్లు ఇల్లు చేరేదాకా ఏ మాటా రాదు. నేను నోరు మూసుకుని ఎదురుచూస్తాను.